పాట మధ్యలో తెగితే: ప్లేయర్ మార్చాలా, అవుట్‌పుట్ మార్చాలా, వైరు మార్చాలా?

పైడితల్లమ్మ సిరిమానోత్సవం పందిరైనా, అరసవల్లి రథసప్తమి మైకైనా, రాజాంలో పెళ్ళి మండపమైనా ఇప్పుడు పాట వచ్చేది ల్యాప్‌టాప్‌లోంచో ఫోన్‌లోంచో. అది మధ్యలో టిక్కుమన్నా, అర సెకను ఆగి మళ్ళీ అందుకున్నా, గరగరలాడినా మొదట తట్టేది ఒకటే: ఈ ప్లేయర్ బాగోలేదు, ఇంకోటి వేసుకుందాం. ఇంకోటి వేశాక కూడా అదే టిక్కు వినిపిస్తుంది. నిజానికి ప్లేయర్ చేసేది చిన్న పని. ఫైలు చదువుతుంది, విప్పుతుంది, విండోస్ చేతిలో పెడుతుంది. దానికి ముందు పెన్‌డ్రైవ్ ఉంది. తర్వాత డ్రైవర్, సౌండ్ కార్డు, అక్కణ్ణుంచి మిక్సర్ దాకా వైరు ఉన్నాయి. తెగడం వీటిలో ఎక్కడైనా జరగొచ్చు.

కాబట్టి ఎంచుకోవాల్సినవి మూడు: ప్లేయర్ ఏది, అవుట్‌పుట్ పద్ధతి ఏది, ఆంప్లిఫయర్ దాకా దారి ఏది. వీటిలో ప్లేయర్ ఎంపికే అన్నిటికన్నా తక్కువ తేడా తెస్తుంది. ఇంకో మాట కూడా ముందే గట్టిగా చెప్పాలి. పాటలు వేయడానికి తక్కువ లేటెన్సీ (శబ్దం బయటికి రావడానికి పట్టే ఆలస్యం) అక్కర్లేదు. స్టూడియో వాళ్ళ సలహాలు చూసి బఫర్ (వాయించబోయే పాట ముక్కని ముందే దాచుకునే మెమరీ) తగ్గించుకుంటూ పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. రికార్డింగ్‌కి అది అవసరం. పాట వేసే యంత్రానికి కావలసింది సరిగ్గా దానికి ఎదురు, పెద్ద బఫర్.

ముందు చెవితో పట్టండి

ఏదీ దించుకోకముందు పది నిమిషాలు శ్రద్ధగా వినండి. అందుకు సినిమా పాట పనికిరాదు, ఆ మోతలో చిన్న టిక్కు దాక్కుంటుంది. తంబురా శ్రుతి ఒక్కటే మోగే ఫైలు గానీ, నెమ్మదిగా సాగే వీణ ఆలాపన గానీ పెట్టండి. బొబ్బిలి వీణ మీద మీటిన స్వరం సన్నగిల్లుతూ పోయే చోట ఎంత చిన్న టిక్కు అయినా బయటపడుతుంది. తెగిన ప్రతిసారీ పాట పేరు, నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి.

అదే పాటలో అదే సెకను దగ్గర ప్రతిసారీ తెగితే తప్పు ఫైలుది. ఏ పాటలోనైనా ఎప్పుడంటే అప్పుడు వస్తే యంత్రానిది. ఒక ప్లేయర్‌లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే ఆ ప్లేయర్ సెట్టింగ్‌ది. ల్యాప్‌టాప్‌కి నేరుగా వైరు హెడ్‌ఫోన్ పెడితే బాగుండి, మిక్సర్‌లోకి వెళ్ళాక గోల వస్తుంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోనక్కర్లేదు, వైరు సంగతి చూడండి.

తెగే తీరు కూడా చాలా చెబుతుంది. అర సెకనో సెకనో పూర్తి నిశ్శబ్దం వచ్చి పాట కొనసాగితే డిస్కు లేదా పెన్‌డ్రైవ్ సమయానికి అందించలేకపోయిందని అర్థం. చిన్న ముక్కే 'ట్ర్ర్ర్' అని తిరిగి తిరిగి వినిపిస్తే డ్రైవర్ ఏదో ప్రాసెసర్‌ని పట్టుకుని వదల్లేదు. గొంతు ఎత్తిన చోట, డోలు దెబ్బ పడ్డ చోట మాత్రమే బొరబొరమంటే అది తెగడం కాదు, క్లిప్పింగ్, అంటే శబ్దం పరిమితి దాటి కొస చదునైపోవడం. పాట ఉన్నట్టుండి బాగా తగ్గిపోయి కాసేపటికి మళ్ళీ పెరిగితే విండోస్‌లో ఒక సెట్టింగ్ చేస్తున్న పని అది, కింద చెబుతాం. పాట పొడుగునా శ్రుతి పెరిగి, కాలం కూడా కొంచెం పరిగెత్తితే శాంపిల్ రేటు (సెకనుకి ఎన్ని శబ్దపు ముక్కలన్న లెక్క) తప్పింది. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలుని యంత్రం 48 అనుకుని వాయిస్తే వేగం దాదాపు 9 శాతం పెరిగి, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం దాకా ఎక్కుతుంది. మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో ఇది ఎవరి చెవినీ దాటిపోదు.

ఫైలుదే తప్పయితే

ఇది తొందరగా తేలుతుంది. ఫూబార్2000 అనే ప్లేయర్‌కి ఫైల్ ఇంటెగ్రిటీ వెరిఫైయర్ అనే ఉచిత కాంపొనెంట్ ఉంది. పాటలన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, యుటిలిటీస్‌లో వెరిఫై ఇంటెగ్రిటీ నొక్కితే పాడైన ఫైళ్ళ పేర్లు చూపిస్తుంది. సగంలో ఆగిన డౌన్‌లోడ్‌లు, సేఫ్‌గా తీయకుండా లాగేసిన పెన్‌డ్రైవ్‌లోని పాటలు ఇక్కడ దొరికిపోతాయి. వాటికి మరమ్మతు లేదు, మళ్ళీ తెచ్చుకోవాలి.

రెండు గంటల హరికథ, జముకుల కథ రికార్డింగుల్లో ఇంకో తంటా ఉంది. మొత్తం సమయం తప్పు చూపిస్తుంది, మధ్యలోకి జరిపితే ఎక్కడికో పోతుంది. వేరియబుల్ బిట్‌రేటు (వీబీఆర్, సెకనుకి వాడే డేటా చోటుని బట్టి మారేది) ఎంపీ3కి తల భాగంలో సమాచారం లేకపోవడమే కారణం. అదే యుటిలిటీస్ మెనూలో ఫిక్స్ వీబీఆర్ ఎంపీ3 హెడర్ నొక్కితే చాలు. శబ్దానికి ఏ నష్టమూ ఉండదు.

పెన్‌డ్రైవ్ మీద 64 జీబీ అని రాసి ఉండి, లోపల అంత లేని నకిలీలు వస్తుంటాయి. అసలు సామర్థ్యం దాటాక ఎక్కించిన పాటలన్నీ పాడవుతాయి. మొదటి వంద పాటలు బాగుండి తర్వాతివన్నీ తెగుతుంటే దీన్నే అనుమానించండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్ ఖాళీ పెన్‌డ్రైవ్‌ని నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. ఏమైనా సరే, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా వాయించకండి. పాటలు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని వాయించండి.

బఫర్ లెక్క

సీడీ నాణ్యత శబ్దానికి సెకనుకి 44,100 శాంపిళ్ళు, రెండు చానళ్ళు, శాంపిల్‌కి 2 బైట్లు. అంటే సెకనుకి 1,76,400 బైట్లు. ఒక సెకను బఫర్ పెడితే మెమరీలో పట్టేది 200 కేబీ లోపే. 320 కేబీపీఎస్‌లో నాలుగు నిమిషాల ఎంపీ3 పాట మొత్తం 9.6 ఎంబీ. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి కూడా పాట మొత్తాన్నీ ముందే మెమరీలోకి ఎక్కించుకోవడం లెక్కలోకి రాదు. ఫూబార్2000లో బఫర్ లెంగ్త్ మామూలుగా 1000 మిల్లీసెకన్లు ఉంటుంది. తిరిగే హార్డ్‌డిస్కు ఉన్న యంత్రంలో 2000 చేయండి. నష్టం ఒకటే. ఈక్వలైజర్ జరిపితే మార్పు రెండు సెకన్ల తర్వాత వినిపిస్తుంది. బాస్, ట్రెబుల్ మిక్సర్ మీద సరిచేసుకునేవాళ్ళకి అదీ సమస్య కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ప్లేయర్ బఫర్ ఎంత పెద్దదైనా అది కాపాడేది డిస్కు ఆలస్యం నుంచే. దాని కింద విండోస్ సౌండ్ ఇంజిన్ దాదాపు పది మిల్లీసెకన్లకొకసారి చిన్న ముక్కల్ని సౌండ్ కార్డుకి అందిస్తూ ఉంటుంది. వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో ప్రాసెసర్‌ని అంతకన్నా ఎక్కువసేపు పట్టుకుంటే ఆ ముక్క సమయానికి అందదు. పైన రెండు సెకన్ల పాట సిద్ధంగా ఉన్నా టిక్కు తప్పదు. అందుకే బఫర్ పెంచాక నిశ్శబ్దాలు పోయి, 'ట్ర్ర్ర్' మాత్రం మిగిలితే ఇంకా పెంచడం దండగ. డ్రైవర్ల సంగతి చూడాలి.

అవుట్‌పుట్ పద్ధతి: షేర్డా, ఎక్స్‌క్లూజివా, ఏసియోనా

శబ్దం ప్లేయర్ నుంచి సౌండ్ కార్డుకి పోయే దారులుగా ప్లేయర్ సెట్టింగుల్లో కనిపించే నాలుగు పేర్లు డైరెక్ట్‌సౌండ్, వాసాపి షేర్డ్, వాసాపి ఎక్స్‌క్లూజివ్, ఏసియో.

మొదటి రెండింటి మధ్య గొడవ అక్కర్లేదు. విండోస్ విస్టా నుంచి డైరెక్ట్‌సౌండ్ కూడా లోపల అదే షేర్డ్ దారిలోనే పోతోంది. రెండింట్లోనూ అన్ని ప్రోగ్రాముల శబ్దాల్నీ విండోస్ ఒకే శాంపిల్ రేటుకి మార్చి కలుపుతుంది. యంత్రం ఆరోగ్యంగా ఉంటే ఆ మార్పు వల్ల టిక్కులు రావు. పాటలు ఎక్కువగా 44.1లో ఉంటే విండోస్‌లో కార్డు డిఫాల్ట్ ఫార్మాట్ కూడా 16 బిట్, 44100 పెట్టుకోవచ్చు. ప్రాసెసర్ మీద కాస్త పని తగ్గుతుంది. వీడియోలు ఎక్కువ వేసేవాళ్ళు 48000 ఉంచుకోవడం మంచిది.

వాసాపి ఎక్స్‌క్లూజివ్‌లో ప్లేయర్ సౌండ్ కార్డుని తన ఒక్కదానికే రాయించుకుంటుంది. ఫైలు ఏ రేటులో ఉంటే కార్డు ఆ రేటుకి మారుతుంది, మధ్యలో విండోస్ మిక్సర్ ఉండదు. ఇంట్లో యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ పాటని శబ్ద సంకేతంగా మార్చే పెట్టె) పెట్టుకుని పాత కచేరీలు ఫ్లాక్‌లో (నాణ్యత నష్టం లేని ఫైళ్ళలో) వినేవారికి ఇదే సరైన ఎంపిక. జాతర వేదిక మీద మాత్రం దీన్ని వాడొద్దనే మేం చెబుతాం, కారణాలు స్పష్టంగా ఉన్నాయి. 44.1 పాట తర్వాత 48 పాట వస్తే కార్డు మళ్ళీ మొదలవుతుంది. కొన్ని కార్డులు ఆ క్షణాన 'టప్' మంటాయి, కొన్ని పాట మొదటి అర సెకను మింగేస్తాయి. ప్లేయర్ వాయిస్తున్నంతసేపూ ఇంకే ప్రోగ్రామూ పలకదు. దాతల ప్రకటన వీడియో వేయమని కమిటీ వాళ్ళు అడిగితే స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. కార్డుకి చేతకాని రేటు ఉన్న ఫైలు వస్తే పాట వేయకుండా ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఆ రేటు మార్పు తప్పించుకోవాలంటే ప్లేయర్‌లోని డీఎస్‌పీ (శబ్దాన్ని మార్చే ఎఫెక్టులు) విభాగంలో రీశాంపులర్ పెట్టి అన్నిటినీ ఒకే రేటుకి తేవాలి. అలా చేశాక ఎక్స్‌క్లూజివ్ వల్ల వచ్చే లాభం ఎలాగూ పోతుంది.

ఏసియో రికార్డింగ్ కోసం పుట్టింది. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి, బఫర్ 128కో 256కో దించి, పాటలు మెరుగ్గా వస్తాయని నమ్మేవాళ్ళు ఉన్నారు. అది మామూలు విండోస్ డ్రైవర్ మీద వేసిన పైపూత. 256 శాంపిళ్ళంటే ఆరు మిల్లీసెకన్ల కన్నా తక్కువ, డ్రైవర్ కాస్త తడబడినా తెగుతుంది. పాట వేయడానికి దీనితో ఏ లాభమూ లేదు. ఒక్క చోట మాత్రం తప్పనిసరి. కరోకేలో గాయకుడి గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి ఎఫెక్ట్ కలిసి బయటికి రావాలంటే ఆలస్యం వినబడకూడదు, అక్కడ సొంత ఏసియో డ్రైవర్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. గొంతు నేరుగా మిక్సర్‌లోకి వెళ్ళి పాట మాత్రమే కంప్యూటర్ నుంచి వస్తుంటే ఆ ఖర్చు కూడా అక్కర్లేదు.

ప్లేయర్లలో ఏది

ఫంక్షన్ పనికి మా మొదటి ఎంపిక ఫూబార్2000. చూడ్డానికి బోసిగా ఉంటుంది, అదే దాని బలం. బొమ్మలు గీయడానికి ప్రాసెసర్‌ని ఖర్చు చేయదు. కంట్రోల్, పి నొక్కితే ప్రిఫరెన్సెస్ తెరుచుకుంటుంది. ప్లేబ్యాక్ కింద అవుట్‌పుట్‌లో సౌండ్ కార్డు పేరు ఎంచుకోండి. పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని లేనిదాన్నే తీసుకోండి. బఫర్ లెంగ్త్ అక్కడే ఉంటుంది. అడ్వాన్స్‌డ్‌లో ప్లేబ్యాక్ కింద ఫుల్ ఫైల్ బఫరింగ్ అప్ టు అన్న చోట కిలోబైట్లలో 20000 రాస్తే 20 ఎంబీ లోపు పాటలు ముందే పూర్తిగా మెమరీలోకి వస్తాయి. పాట నడుస్తుండగా డిస్కు నిద్రపోయినా ఇబ్బంది లేదు.

దీన్ని ఎంచుకోవడానికి ఇంకో పెద్ద కారణం రీప్లేగెయిన్, అంటే పాటలన్నిటి శబ్దాన్నీ ఒకే మోతాదుకి తెచ్చే సదుపాయం. 1960ల ఘంటసాల పాట తర్వాత నిన్నటి సినిమా పాట వేస్తే శబ్దం ఎంత ఎగిరిపడుతుందో మైకు దగ్గర కూర్చునేవాళ్ళందరికీ తెలుసు. పాటలన్నీ ఎంచుకుని రీప్లేగెయిన్ స్కాన్ చేయించి, ప్లేబ్యాక్ సెట్టింగులో గెయిన్‌తో పాటు పీక్ ప్రకారం క్లిప్పింగ్ ఆపే ఎంపిక పెట్టండి. పాటలన్నీ 89 డెసిబెల్ గురికి దగ్గరగా వస్తాయి, మొత్తం శబ్దం కొంచెం తగ్గినట్టుంటుంది. తగ్గినదాన్ని ఆంప్లిఫయర్ మీద పెంచుకోండి, ప్లేయర్‌లో కాదు. ఈక్వలైజర్‌లో బాస్ 8 డెసిబెల్ పెంచితే ప్రీఆంప్ (మొత్తం శబ్దం మోతాదు) కూడా 8 తగ్గించాలి. లేదంటే డోలు దెబ్బ పడ్డ ప్రతిసారీ చదునై బొరబొరమంటుంది.

మ్యూజిక్‌బీ కూడా ఇంతే నమ్మకమైనది, పైగా పాటల లైబ్రరీ సర్దుకోవడం సులువు. భక్తి పాటలు, పెళ్ళి పాటలు, నాదస్వరం అని వేరు చేసుకునేవాళ్ళకి ఇది నచ్చుతుంది. ప్లేయర్ సెట్టింగుల్లో రాబోయే పాటని ముందే మెమరీలోకి తెచ్చుకునే గడి ఉంటుంది, టిక్ పెట్టండి. బరువైన స్కిన్లు మాత్రం పాత యంత్రాల్లో పెట్టొద్దు.

ఏఐఎంపీ బలం వేగం, శ్రుతి విడివిడిగా మార్చగలగడం. బడి వార్షికోత్సవాలకి నృత్యం నేర్పేవాళ్ళు పాటని నెమ్మదిగా పెట్టి సాధన చేయించాలంటే ఇది తీసుకోండి. ఒక పాట సన్నగిల్లుతుండగా ఇంకోటి అందుకునే క్రాస్‌ఫేడ్ కూడా బాగా చేస్తుంది. సాధనకి మార్చిన వేగం ప్రదర్శన రోజున అలాగే ఉండిపోకుండా చూసుకోవాలి.

వీఎల్‌సీ అందరి దగ్గరా ఉంటుంది, ఏ ఫైలైనా విప్పుతుంది. వీడియోకి దాన్ని మించింది లేదు. వరసగా పాటలు వేయడానికి మాత్రం మేం దాన్ని చెప్పం. 3వ వెర్షన్లలో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వాయించడం) లేదు. రాగమాలికనో శతకాన్నో ముక్కలుగా కోసిన ఆల్బమ్‌లో ప్రతి ముక్క దగ్గరా చిన్న ఖాళీ వస్తుంది, దాన్ని తెగడం అనుకుని వెతికి లాభం లేదు. ఇంకోటి, దాని వాల్యూమ్ గడి 100 దాటి పోతుంది. దాటిందంటే డిజిటల్‌గా పెంచుతున్నట్టు, పెంచిన మేరకు క్లిప్ అవుతుంది. 100 దగ్గర ఆపండి. తప్పక దాన్నే వాడాలంటే ప్రిఫరెన్సెస్‌లో కింద షో సెట్టింగ్స్ దగ్గర ఆల్ ఎంచుకుని, ఇన్‌పుట్, కోడెక్స్‌లో ఫైల్ క్యాషింగ్ 2000 చేయండి.

వినాంప్ మీద అభిమానం ఉన్నవాళ్ళు అలాగే వాడుకోవచ్చు. పాత విజువలైజేషన్, స్కిన్ ప్లగిన్లు తీసేయండి, తెగడానికి అవే ఎక్కువ కారణమవుతాయి.

విండోస్‌లో సర్దాల్సినవి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, అక్కడ అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్. పాత కిటికీ తెరుచుకుంటుంది. కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో ఇతర శబ్దాల్ని 80 శాతం తగ్గించు అన్నది ఎంపికై ఉంటుంది. వాట్సాప్ కాల్ వచ్చినా, మైకు తెరిచే ప్రోగ్రామ్ నడిచినా పాట ఢమాలున తగ్గేది దీనివల్లే. డూ నథింగ్ పెట్టండి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ కార్డు ప్రాపర్టీస్ తెరిచి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపేయండి. ల్యాప్‌టాప్ కంపెనీ వేసిన థియేటర్ ఎఫెక్ట్ ప్రోగ్రాములు బుల్లి స్పీకర్ల కోసం చేసినవి. మిక్సర్‌లోకి పంపినప్పుడు అవి శబ్దాన్ని ఉబ్బించి, తగ్గించి పాడుచేస్తాయి.

పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళి హార్డ్‌డిస్కు ఆపే సమయం నెవర్ చేయండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిజేబుల్ చేయండి. యూఎస్‌బీ సౌండ్ కార్డు పాటల మధ్య విరామంలో నిద్రపోయి, తర్వాతి పాట మొదటి పలుకు మింగడం ఈ రెండోదాని వల్ల జరుగుతుంది. బ్యాటరీ సేవర్ ఆపండి.

'ట్ర్ర్ర్' వదలకపోతే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ వేసి, పాట పెట్టి, అరగంట నడవనివ్వండి. డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎవరు ఎంతసేపు ప్రాసెసర్‌ని పట్టుకున్నారో మైక్రోసెకన్లలో చూపిస్తుంది. కొన్ని వందలుంటే పట్టించుకోకండి. వేలల్లోకి పోతే అదే దొంగ. నెట్‌వర్క్ డ్రైవర్ పేరు కనిపిస్తే ఫ్లైట్ మోడ్ పెట్టి మళ్ళీ చూడండి. వేదిక మీద ఫ్లైట్ మోడ్ ఎలాగూ పెట్టాల్సిందే, అప్‌డేట్లూ నోటిఫికేషన్ గంటలూ కూడా ఆగుతాయి. గ్రాఫిక్స్ అయితే తయారీదారు సైటు నుంచి డ్రైవర్ మార్చండి. సౌండ్ డ్రైవరే అయితే డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లో ఉన్నవాటి జాబితా తెరిచి, హై డెఫినిషన్ ఆడియో డివైస్ అన్న మైక్రోసాఫ్ట్ మామూలు డ్రైవర్‌ని ఎంచుకోండి. హంగులు పోతాయి గానీ తెగడం కూడా చాలాసార్లు పోతుంది. నచ్చకపోతే అదే జాబితాలోంచి పాతదానికి తిరిగి రావచ్చు.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద, షామియానా గుడ్డ మీద ల్యాప్‌టాప్ పెడితే అడుగున గాలి దారి మూసుకుపోతుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దాకా చేరితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. పొద్దున్న బాగా పాడిన యంత్రం మధ్యాహ్నం రెండింటికి తెగడం మొదలెడితే సెట్టింగులు కెలకకండి. చెక్క పలక వేసి, అడుగున రెండు వైపులా ఎత్తు పెట్టి, ఫ్యాను తిప్పండి.

వైరా, బ్లూటూతా, యూఎస్‌బీ కార్డా

జనం మధ్య బ్లూటూత్ వద్దు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని మనిషి ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. ఖాళీ పందిట్లో పది మీటర్లు పనిచేసినది జనం నిండాక మూడు మీటర్లకే తెగుతుంది. పైగా జాతరలో ప్రతి జేబులోనూ ఒక ఫోన్ అదే తరంగం మీద ఉంటుంది. ఇంట్లో వాడుకోవచ్చు. అక్కడ కూడా రెండు చూసుకోండి. యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టిన హార్డ్‌డిస్కు, దాని వైరు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గోల పుట్టిస్తాయి. బ్లూటూత్ డాంగిల్‌ని పక్క పోర్టులో పెట్టకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరపండి. హెడ్‌సెట్ మైకుని ఏదైనా ప్రోగ్రామ్ తెరిస్తే పాట ఒక్కసారిగా టెలిఫోన్ గొంతులా మారుతుంది, ఆ ప్రోగ్రామ్ మూస్తే సరిపోతుంది. బ్లూటూత్ నాణ్యత తేల్చుకోవాలంటే తప్పెటగుళ్ళ రికార్డింగ్ పెట్టి వినండి. బిట్‌రేటు తక్కువైతే గజ్జెల మోత చెదిరి నీళ్ళ చప్పుడులా వినిపిస్తుంది.

ల్యాప్‌టాప్ 3.5 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి వైరు తీయడం చవక, చాలా చోట్ల సరిపోతుంది కూడా. అయితే కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి ఆ రంధ్రం లోపలి రేకులు, యూఎస్‌బీ పిన్నులు చిలుము పడతాయి. పిన్ను తిప్పితే గరగర వచ్చి పోతుంటే అదే. యంత్రం ఆపి, కాంటాక్ట్ క్లీనర్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ వేసి నాలుగైదు సార్లు పిన్ను పెట్టి తీసి, ఆరనివ్వండి.

స్టీరియో పిన్ను రెండు చివర్లా ఉన్న వైరుని మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే విచిత్రం జరుగుతుంది. సంగీతం వస్తుంది, గొంతు మాయమవుతుంది. ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసేస్తుంది, రెండింట్లోనూ సమానంగా ఉన్న గొంతు రద్దయిపోతుంది. ఒక వైపు 3.5 స్టీరియో, రెండో వైపు రెండు విడి 6.35 మోనో జాక్‌లు ఉన్న వైరు కొని, ఎడమ కుడి చానళ్ళలో వేరువేరుగా పెట్టండి.

ఎడతెగని 'బూం' మోత ఉండి, చార్జర్ పీకగానే పోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు యంత్రాల ఎర్త్‌లు వైరు ద్వారా కలిసి కరెంటు మోత పాటలోకి రావడం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50 దగ్గరా, 100 దగ్గరా ఉంటుంది. ల్యాప్‌టాప్, మిక్సర్, ఆంప్లిఫయర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా పెట్టండి. అయినా పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సంకేతాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె) పెట్టండి. వైరు పది మీటర్లు దాటితే అది ఎలాగూ కావాలి. డీఐ బాక్సుని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, అక్కణ్ణుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు (మైకులకి వాడే మూడు పిన్నుల వైరు) లాగాలి. మోత పోవడానికి ఎర్త్ పిన్ను కోసేయడం మాత్రం ఎన్నటికీ చేయకండి. తడి నేల మీద, జనరేటర్ కరెంటు మీద మైకు పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు.

యూఎస్‌బీ సౌండ్ కార్డు ఎప్పుడు కొనాలి? హెడ్‌ఫోన్ రంధ్రం అరిగిపోతే, లేదా మౌస్ కదిపినప్పుడల్లా 'చీ' అన్న సన్నటి కూత వస్తే. ఆ కూత మదర్‌బోర్డు మీదే పుడుతుంది, ఏ ప్లేయరూ తీయలేదు. మామూలు డాంగిల్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది, దానికి విండోస్‌లో ఉన్న డ్రైవరే చాలు. హబ్ మీద కాకుండా ల్యాప్‌టాప్ పోర్టులోనే నేరుగా పెట్టండి.

ఫోన్ నుంచి వేస్తే

ఫోన్‌లో డ్రైవర్ల గొడవ తక్కువ, అందుకే చిన్న ఫంక్షన్లకి ల్యాప్‌టాప్ కన్నా నిలకడగా పాడుతుంది. అక్కడ తెగేది వేరే కారణాల వల్ల. జనం లక్షల్లో వచ్చే రోజున మొబైల్ డేటా కదలదు, స్ట్రీమింగ్ యాప్‌ని నమ్ముకోకండి. పాటలు ముందు రోజే ఫోన్‌లోకి దించుకోండి. బ్యాటరీ సెట్టింగుల్లో ఆ ప్లేయర్ యాప్‌కి అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వండి, లేదంటే స్క్రీన్ ఆరిన కాసేపటికి వ్యవస్థే దాన్ని ఆపేస్తుంది. ఫ్లైట్ మోడ్ పెట్టండి, లేకపోతే రింగ్‌టోన్ స్పీకర్లలోంచి ఊరంతటికీ వినిపిస్తుంది. సిమ్ తీసిన పాత ఫోన్ ఒకటి ఇందుకు కేటాయించడం అన్నిటికన్నా మంచిది. ల్యాప్‌టాప్‌తో పెద్ద కార్యక్రమం చేసేవాళ్ళు కూడా ఆ ఫోన్‌లో అదే పాటల జాబితా ఎక్కించి, మిక్సర్‌లో వేరే చానల్‌కి వైరు పెట్టి ఉంచుకోవాలి. ల్యాప్‌టాప్ ఆగిన మరుక్షణం ఆ చానల్ ఫేడర్ (శబ్దం పెంచే జారుడు మీట) ఎత్తితే సరిపోతుంది.